నీలం అంకె

ఆ మనిషి మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు తిరగబడి ఉంది. ఫొటో ఉన్న వైపు చొక్కాకు ఆనుకుని, ఏమీ లేని తెల్లవైపు నా కళ్ల ముందు ఊగుతోంది. కావాలనే అలా తిప్పుకున్నాడా, దానంతట అదే తిరిగిందా అని నేను తేల్చుకునేలోపే అతను నా చెల్లెలి తల దగ్గరున్న మానిటర్ వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. ఒక కళ్లజోడు కళ్లకుంది, ఇంకోటి నెత్తిమీద ఉంది. ఒక మనిషికి రెండు జోళ్లెందుకు? దగ్గరికొకటి, దూరానికొకటి అనుకుందాం. అయితే ఇప్పుడు కళ్లకున్నది దగ్గరిదా, దూరానిదా? దూరానిది పెట్టుకుని నా చెల్లెలి వైర్లలో వేళ్లు పెడుతున్నాడా?

"అక్కడేం పని మీకు?" అన్నాను.

"వైరు తీసేయాలమ్మా. కంప్యూటర్ల విభాగం నుంచి వచ్చాను."

"ఎవరు తీయమన్నారు?"

"పైనుంచి చెప్పారు."

"పైనంటే?"

"నాలుగో అంతస్తు," అన్నాడు.

అప్పుడు చెప్పాడు, చెయ్యి ఇంకా యంత్రం వెనకే ఉంచి, గోడతో మాట్లాడుతున్నట్టు. ఈ రకం మానిటర్లలో ఒక కన్నం ఉందని నిన్న తెలిసిందట. తయారు చేసినవాళ్లే మూయడం మరిచిపోయారో, తమకోసం ఉంచుకున్నారో ఎవరికీ తెలియదట. ఎక్కడో కూర్చున్నవాడు ఆ కన్నంలోంచి దూరి, మంచం మీద మనిషి వివరాలన్నీ బయటికి లాక్కోవచ్చు, ఇష్టం వచ్చినట్టు అంకెలు మార్చవచ్చు. అందుకని మందు దొరికేదాకా, అంటే మందు కాదు, కన్నం మూసే సరంజామా వచ్చేదాకా, అన్నిటినీ నెట్‌వర్క్ నుంచి విడదీస్తున్నారట.

"ఇన్నాళ్లూ ఎవడైనా దూరాడా?"

"దూరినట్టు ఆధారం లేదమ్మా."

"దూరలేదని ఉందా?"

అతను నెత్తిమీది జోడు కిందికి, కళ్లమీది జోడు పైకి మార్చి నన్ను చూశాడు. "మీరు మా విభాగంలో ఉండాల్సిన మనిషి," అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నేను నవ్వలేదు. జేబులోంచి చిటికెన వేలంత వస్తువొకటి తీసి యంత్రం పక్కన గుచ్చాడు, దాని మీద చిన్న దీపం మినుకుమినుకుమంది, తీసి మళ్లీ జేబులో వేసుకున్నాడు. అదేమిటంటే ఏ వెర్షనో రాసుకోవాలట. రాసుకోవడానికి పెన్ను చాలదా? తర్వాత వైరు లాగాడు. టక్కుమంది. ఆ కొస నేలమీద పడింది, చివర పారదర్శకంగా ప్లాస్టిక్ ముక్క, చేప నోరులా. యంత్రం నొసటిన ఒక చీటీ అంటించి ఏడో మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. గోడ గడియారంలో రెండూ పది.

చీటీ మీద ఏం రాశారో రెండుసార్లు చదివాను. "నెట్‌వర్క్ నుంచి తొలగించబడినది. రోగిని మంచం దగ్గరే పరిశీలించవలెను." పరిశీలించవలెను సరే, ఎవరు? చేసేవాళ్ల పేరు లేని వాక్యాన్ని నమ్మకూడదని నా చెల్లెలు చెప్పేది. ముప్పై ఏళ్లుగా అచ్చు కార్యాలయంలో తప్పులు పట్టే పని దానిది. పుస్తకం అచ్చుకు వెళ్లేముందు చివరిసారి దాని కళ్ల కింద నుంచి వెళ్లాలి. మా ఆయన పోయిన ఏడాదికి, నాకు యాభై మూడేళ్లప్పుడు, ఆదివారం ఆదివారం వచ్చి నా పక్కన కూర్చుని చదువు నేర్పింది. మామూలు పంతులమ్మలు మాట మొత్తం చూడమంటారు, ఇది ఒక్కో అక్షరం కింద వేలు పెట్టించేది. "మాట మొత్తం చూస్తే నీకు తెలిసిందే కనబడుతుంది అక్కా, అక్కడున్నది కనబడదు. ప్రతి అక్షరాన్నీ దొంగను చూసినట్టు చూడు," అనేది. అలా నేర్చుకున్నదాన్ని నేను. ఊళ్లో అంగళ్ల పేర్లు, మందుల సీసాలు, మా అల్లుడి ఉత్తరాలు, అన్నిటినీ దొంగల్ని చూసినట్టే చూస్తాను. ఒకసారి పెళ్లిపత్రికలో పెళ్లికొడుకు తండ్రి పేరులో తప్పు పట్టి చెప్తే వాళ్లు ఇప్పటికీ నాతో మాట్లాడరు. నాకేం నష్టం?

ఇప్పుడా పంతులమ్మ నోరు కొద్దిగా తెరుచుకుని పడుకుంది. నిన్న పొద్దున కడుపు ఆపరేషన్ అయింది. రాత్రంతా నొప్పితో మూలిగి, డాక్టరును ఒక మాట, నర్సును ఒక మాట, నన్ను పది మాటలు అని, ఇవాళ ఒంటిగంటన్నరకు నొప్పి తగ్గే ఇంజెక్షన్ పెద్దమోతాదులో ఇచ్చాక, ఇదిగో, ఇప్పుడు గురక పెడుతోంది. చిన్నప్పుడు కూడా ఇలాగే గురక పెట్టేది, కాలితో తన్నేదాన్ని. ఇప్పుడు తన్నబుద్ధి కాలేదు. పడుకోనీ.

మానిటర్ మీద అంకెలు అలాగే ఉన్నాయి. పచ్చది గుండె, నీలం గాలి, తెల్లది రక్తపోటు. నిన్న సాయంత్రం నర్సు చెప్తే మందుల చీటీ వెనక రాసుకున్నాను. పచ్చ డెబ్భై ఆరు. నీలం తొంభై ఆరు. వైరు పీకినా అంకె మారలేదు. అది మంచిదా చెడ్డదా? వైరు పీకకముందు కూడా ఇదే అంకె ఉందంటే నిజమే చెప్తోందనుకోవచ్చు. లేదా వైరులోంచి వచ్చినవాడు లోపలే కూర్చున్నాడనుకోవచ్చు. ఇంట్లో దొంగ ఉండగా తలుపు గడియ వేస్తే ఏమైనట్టు? పైగా ఆ వేలంత వస్తువు. కన్నం మూయడానికి వచ్చానని చెప్పి కన్నం పెట్టి పోయినవాళ్లు లోకంలో లేరా? నిన్న రాత్రి మూడు గంటలకు నీలం తొంభై ఎనిమిదని చూసి నిశ్చింతగా కళ్లు మూసుకున్నాను. అది ఎవరి తొంభై ఎనిమిది? ఎక్కడో, నేనెన్నడూ చూడని గదిలో, కాళ్లు బల్లమీద పెట్టుకుని కూర్చున్నవాడు వేసిన తొంభై ఎనిమిదా? నా చెల్లెలి పేరు, వయసు, దానికి ఏం కోశారో, ఏం తీశారో అన్నీ వాడికి తెలుసా? దానికి యాభై రెండు. ఆఫీసులో యాభై అని చెప్పుకుంటుంది. వాడికి యాభై రెండని తెలిసుంటుంది. ఎందుకో అది తలుచుకుంటే ఒళ్లు మండింది.

అందుకే దాని మణికట్టు పట్టుకున్నాను. బొటనవేలి కింద రెండు వేళ్లు ఆనించి, గోడ గడియారం సెకన్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. డెబ్భై నాలుగు. యంత్రం డెబ్భై ఆరంటోంది. మళ్లీ లెక్కపెట్టాను. డెబ్భై ఐదు. యంత్రం డెబ్భై ఐదు. సరే, పచ్చది అబద్ధమాడటం లేదు, ప్రస్తుతానికి. గడియారం? గడియారానికి వైరు లేదు, వెనక బ్యాటరీ ఉంటుంది. చేతి గడియారంతో కూడా ఒకసారి చూసుకున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

నవ్వాడు కూడా. ఎదురుగా ఐదో మంచం మీదున్న తాతగారు. గుండెకు ఏదో చేశారు ఆయనకి, రోజంతా కూర్చుని వార్డు మొత్తాన్ని చూస్తుంటాడు. వేలికి పెట్టిన క్లిప్పు ఆయనకు నిలవదు, వేళ్లు సన్నం, పక్కకు తిరిగితే ఊడిపోతుంది. ఊడినప్పుడల్లా వార్డు చివర నర్సుల బల్ల దగ్గర టింగు టింగుమని మోగేది, పెన్ను సిస్టరు విసవిసా వచ్చి తొడిగి పోయేది. జుట్టు ముడిలో ఎప్పుడూ పెన్ను గుచ్చుకుని ఉంటుంది కనుక నేను పెట్టుకున్న పేరది.

"ఏం తల్లీ, చెల్లెలికి నాడి చూస్తున్నావా? యంత్రం ఉండగా?"

"యంత్రాన్ని నమ్మొద్దని ఇప్పుడే చెప్పిపోయారుగా తాతగారూ."

"నాకు పెళ్లిలో కూడా ఉంగరం పెట్టలేదు ఎవరూ. వీళ్లు పెట్టారు, అది కూడా నిలవడం లేదు. యంత్రాన్ని నమ్మకపోతే మానె, నా వేలిని అసలు నమ్మకు," అన్నాడాయన.

బల్ల మీద పెద్ద స్క్రీన్ ఉండేది. పది మంచాల అంకెలూ అందులో కనబడేవి, పది గళ్లు, పది గీతలు. ఇప్పుడది నల్లగా ఆరిపోయింది. దాని మీద కూడా ఒక చీటీ. పెన్ను సిస్టరు పావుగంటకొకసారి మంచం మంచానికీ తిరిగి చేత్తో రాసుకోవాలట. రెండుంబావుకు వచ్చింది, నా చెల్లెలి అంకెలు కాగితం మీద రాసింది, నేను ఆమె భుజం మీదుగా చూశాను, తొంభై ఆరును తొంభై ఆరే రాసింది.

"పెద్దమ్మా, నా చేతిరాత కూడా చూస్తున్నావా?"

"చూస్తే తప్పేంటి?"

"తప్పేం లేదు, కాస్త వెనక నిలబడి చూడు, మెడ మీద నీ ఊపిరి తగులుతోంది."

ఆమె వెళ్లాక మా మరిది, చెల్లెలి మొగుడు, వచ్చాడు. వార్డులో ఒక్కరే ఉండాలని నియమం, తలుపు దగ్గర నిలబడి చేతులు తిప్పుతూ సైగ చేశాడు. నేను వెళ్లలేదు. నేను లేచి వెళ్లిన నిమిషంలో ఏదైనా జరుగుతుంది, నాకు తెలుసు. చివరికి తనే నాలుగడుగులు లోపలికి వేశాడు.

"వదినా, నేను కింద కాస్త తినేసి వస్తాను. నీకేమైనా తేనా?"

"తినడానికేనా?"

"మరింకెందుకు?"

"నీ చొక్కా జేబులో సిగరెట్ పెట్టె ఉంది."

అతను జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "పోలీసుల్లో చేరాల్సింది వదినా నువ్వు, మా అందరి ప్రాణానికీ వచ్చావు," అని వెళ్లిపోయాడు. పాతికేళ్లుగా ఆ మాటే. మంచివాడే. కాని నిన్న డాక్టరు ఏదో చెప్తుంటే తల ఊపుతూనే ఉన్నాడు, ఒక్క ప్రశ్న వేయలేదు. తల ఊపే మగవాళ్లంటే నాకు భయం. మా ఆయన కూడా అంతే. ఏమన్నా తల ఊపేవాడు. చివరికి డాక్టరు ఏమన్నాడో, ఆయన దేనికి తల ఊపాడో నాకు తెలియనే లేదు. ఇలాంటి గదే అది. గోడలు ఇంకొంచెం పసుపు. ఇలాంటి యంత్రమే తల దగ్గర. అంకెలు నాకప్పుడూ వచ్చు, బస్సు నంబర్లు చదివి బతికినదాన్ని. కాని ఏ అంకె దేనిదో పక్కన చిన్న అక్షరాల్లో రాసుంటుందే, అది రాదు. ఎర్రదొకటి నలభై, పచ్చదొకటి నూట ముప్పై. నలభై మంచిదా? నూట ముప్పై మంచిదా? పరీక్షల్లో ఎక్కువ మార్కులు మంచివి కదా, ఇక్కడా అంతేనేమో అనుకున్నాను. దారిన పోయే ప్రతి తెల్లకోటునూ అడిగాను. "అన్నీ బాగున్నాయమ్మా." ఇంకొకామె, "బాగానే ఉంది, బయట కూర్చోండి." మధ్యాహ్నం ఒకాయన, నిల్చోకుండానే, "ఆల్ ఓకే." సాయంత్రం ఆరింటికి గుడ్డ కప్పారు. అన్నీ బాగుండి ఎలా పోయాడని నేనెవర్నీ అడగలేదు. అడగడానికి మాటలుండాలి. తర్వాత ఎనిమిదేళ్లు, ఇప్పటికీ, పడుకోబోయే ముందు ఆ యంత్రాన్ని మళ్లీ కళ్ల ముందు నిలబెట్టుకుని ఆ చిన్న అక్షరాలు చదవాలని చూస్తాను. ఇప్పుడు చదవడం వచ్చు, అక్షరాలే గుర్తు లేవు.

రెండున్నరకు పెన్ను సిస్టరు రావాలి. రాలేదు. ఆపరేషన్ గది నుంచి కొత్త మనిషిని తోసుకొచ్చారు, తొమ్మిదో మంచానికి. ఇద్దరు సిస్టర్లూ అక్కడే ఉన్నారు, తెర లాగేశారు, తెర కింద నాలుగు తెల్ల చెప్పులు అటూ ఇటూ కదులుతున్నాయి. రెండు కళ్లజోళ్లాయన పదో మంచం కూడా ముగించి, సంచీ భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా తలుపు వైపు నడిచాడు. చూడు, చెప్పకుండా. తాతగారు నిద్రలోకి జారి పక్కకు ఒరిగాడు. ఆయన క్లిప్పు ఊడింది. తాడుకు వేలాడుతూ మంచం అంచున ఊగుతోంది. ఆయన యంత్రం నొసటిన పసుపు దీపం కొట్టుకుంటోంది, టపటప, టపటప. నేను బల్ల వైపు చూశాను. మోగలేదు. ఎవరూ రాలేదు. పొద్దుటి నుంచి మొదటిసారి వార్డు నిశ్శబ్దంగా ఉంది. ఎంత నిశ్శబ్దమంటే కిటికీ అవతల ఎవరో నేల కడుగుతున్న చప్పుడు వినబడుతోంది. పొద్దుట ఆ టింగు టింగుకు తలనొప్పి వచ్చింది నాకు, ఇప్పుడు హాయిగా ఉండాలి. ఉంటే కదా. సందు చివర కుక్కలన్నీ ఒక్కసారి మొరగడం మానేస్తే ఎలా ఉంటుంది, అలా ఉంది. లేచి వెళ్లి తాతగారి వేలికి క్లిప్పు తొడిగాను. పసుపు దీపం ఆగింది. ఆయన కళ్లు తెరవకుండానే, "శుభమస్తు," అన్నాడు. తిరిగొచ్చి కూర్చున్నాను.

నీలం తొంభై మూడు.

రెండూ ముప్పై ఆరు. తొంభై మూడా? ఇందాక తొంభై ఆరు. ఓహో, మొదలైంది అనుకున్నాను. అచ్చంగా ఆ మాటే అనుకున్నాను. అతను తలుపు దాటి నిమిషం కాలేదు, అంకె కదిలింది. ఆ వేలంత వస్తువుతో లోపల ఏం పెట్టాడో అది పని మొదలుపెట్టింది. మణికట్టు పట్టుకున్నాను. డెబ్భై రెండు. నిబ్బరంగా, బలంగా, బావి గిలక తిరిగినట్టు కొట్టుకుంటోంది. పచ్చ కూడా డెబ్భై రెండే. నా చెల్లెలు బాగుంది. గురక కూడా తగ్గింది, మంచి నిద్రపట్టింది. గుండె ఇంత బాగా కొట్టుకుంటుంటే గాలి తగ్గడమేమిటి? నీలం తొంభై ఒకటి. నవ్వొచ్చింది నాకు, కోపంతో వచ్చే నవ్వు. నన్ను బెదిరించాలని చూస్తున్నాడు. నేను అరవాలి, సిస్టర్లు పరుగెత్తుకురావాలి, ఏమీ లేదని తేలాలి, పెద్దమ్మకు పిచ్చి అని నలుగురూ అనుకోవాలి, ఆ తర్వాత నేను నోరు తెరిచినా ఎవరూ వినరు. అప్పుడు వాడు అసలు పని చేస్తాడు. ఎవడు? ఎవడో. ఎనభై తొమ్మిది. నేను వేళ్లు తీయలేదు. నా వేళ్లకు వైరు లేదు, నా వేళ్లలోకి ఎవడూ దూరలేడు. లెక్కపెట్టు. పది, పదకొండు, పన్నెండు. యంత్రం నొసటిన పసుపు దీపం కొట్టుకోవడం మొదలైంది. కొట్టుకో. తాతగారిది కూడా ఇందాక కొట్టుకుంది, ఎవరైనా పట్టించుకున్నారా? దీపం వెలిగితే పట్టించుకునే పనైతే వాళ్లే వస్తారు. ముప్పై ఒకటి, ముప్పై రెండు. ఎనభై ఆరు.

కాని ఎంత చెడ్డవాడైనా, అంకె తగ్గించి చూపితే వాడికేం లాభం? ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, లెక్క మధ్యలో వచ్చి లెక్క చెరిపేసింది. దొంగ అబద్ధం ఎలా చెప్తాడు? నాకు చెప్పిన అబద్ధాలు ఒక్కొక్కటీ గుర్తున్నాయి. వేలిముద్ర వేయించుకున్నవాడు, "ఏం లేదమ్మా, మామూలు కాగితమే." కోడలి పుట్టింటివాళ్లు, "అన్నీ సవ్యంగానే ఉన్నాయి." ఆ పసుపు గోడల గదిలో తెల్లకోటు, "అన్నీ బాగున్నాయి." నన్ను మోసం చేసినవాళ్లలో బాగాలేదని చెప్పినవాడు ఒక్కడైనా ఉన్నాడా? అబద్ధమాడేవాడు నిన్ను కూర్చోబెడతాడు, లేపడు. నిద్రపొమ్మంటాడు. ఈ అంకె నన్ను లెమ్మంటోంది. నేల మీద వైరు కొస పడి ఉంది, నా చెప్పు పక్కనే, నోరు తెరుచుకుని, అవతల ఏమీ లేకుండా. దూరినవాడు దూరం నుంచి రావాలంటే అది కావాలి. అది లేదు. ఈ గదిలో ఉన్నది యంత్రం, యంత్రం తాడు, తాడు చివర వేలు. వేలు నా చెల్లెలిది. ఎనభై నాలుగు కూడా నా చెల్లెలిదే.

అప్పుడు చూశాను. అప్పటిదాకా దాని మణికట్టునే చూస్తున్నాను, మనిషిని చూడలేదు. గురక తగ్గలేదు, ఆగిపోయింది. దుప్పటి కదలడం లేదు. దాని గుండెల మీద చెయ్యి పెట్టి ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టాను, ఎనిమిది దాకా వచ్చాను, తొమ్మిది, నా చెయ్యి పైకి లేవలేదు, పది, పదకొండుకు సన్నగా ఒక్కసారి లేచి మళ్లీ పడిపోయింది. పెదవుల రంగు మారింది. నేను ముందే చూడాల్సింది, ఆ రంగు ఒక్కసారిగా రాదు. గుండె కొట్టుకోవడానికి లోపల మిగిలిన గాలి ఇంకాసేపు సరిపోతుందని, ఊపిరి మానేశాక కూడా అది నిబ్బరంగా కొట్టుకుంటుందని నా వేళ్లకెలా తెలుస్తుంది? నా వేళ్లు నాకు నిజమే చెప్పాయి, నేను అడిగినదానికి. నేను అడగాల్సింది అది కాదు.

అరిచాను. ఏం అరిచానో తెలియదు. తాతగారు తర్వాత చెప్పాడు, "సిస్టరూ" అని కాదు, చెల్లెలి చిన్ననాటి ముద్దుపేరు పెట్టి అరిచానట, సందు చివరికి వినబడేలా. తొమ్మిదో మంచం తెర పక్కకు పోయింది, నాలుగు తెల్ల చెప్పులూ ఒకేసారి కదిలాయి. పెన్ను సిస్టరు నన్ను భుజంతో నెట్టేసింది. దుప్పటి లాగేసి, పిడికిలి కణుపులతో చెల్లెలి రొమ్ము ఎముక మీద రుద్దింది, గిన్నె తోమినట్టు. "ఏమండీ! ఇటు చూడండి! గాలి పీల్చండి! పీల్చండి, గట్టిగా! ఇంకోసారి!" రెండో సిస్టరు గడ్డం పైకెత్తి పట్టుకుని ముఖానికి మాస్కు పెట్టింది. ఎవరో డాక్టరమ్మ పరుగున వచ్చి సూది మందేదో గొట్టంలోకి ఎక్కించింది. నేను గోడకు అతుక్కుని నిలబడ్డాను. నీలం ఎనభై ఒకటి. ఎనభై. అక్కడే ఆగింది, ఎంతసేపు ఆగిందో, గడియారం నా వెనక ఉంది, తిరగలేదు. ఎనభై నాలుగు. ఎనభై తొమ్మిది. తొంభై నాలుగు. చెల్లెలు కళ్లు తెరిచింది, కళ్లు మత్తుగా తేలిపోతున్నాయి, మాస్కులోంచి గొణిగింది.

"అబ్బా... ఎవరే నన్ను గుద్దింది?"

"నేనేనండీ," అంది పెన్ను సిస్టరు. "ఇంకా గుద్దుతా, నిద్రపోయారంటే."

"అక్కా, ఇది ఎవరో చూడు."

"చూస్తున్నాను," అన్నాను.

డాక్టరమ్మ ఇంకో పావుగంట అక్కడే నిలబడి, చెల్లెలి చేత ఒకటి నుంచి ఇరవై దాకా రెండుసార్లు చెప్పించి, ఇక పర్వాలేదని వెళ్లింది. పర్వాలేదన్న మాటకు నేను తల ఊపలేదు. ఎంత ఇంజెక్షన్ ఇచ్చారు, ఎందుకంత ఇచ్చారు, మళ్లీ ఎప్పుడిస్తారు అని అడిగాను. ఆమె మూడింటికీ జవాబు చెప్పింది, నా కళ్లలోకి చూసి చెప్పింది. అప్పుడు గమనించింది పెన్ను సిస్టరు, మానిటర్ దీపం అంతసేపూ కొట్టుకుంటూనే ఉందని, ఒక్క చప్పుడు కూడా రాలేదని. స్క్రీన్ మూలలో ఏదో నొక్కింది, ఇంకోటి నొక్కింది, గంట బొమ్మ పక్కన ఒకటి అని ఉంది.

"చప్పుడు తక్కువలో పెట్టుంది," అంది రెండో సిస్టరుతో. "అన్నీ తక్కువలోనే పెట్టాం కదా. మంచాల దగ్గర మోగితే ఎవరూ పడుకోలేకపోతున్నారని. బల్ల దగ్గర ఎటూ మోగుతుందని."

ఇద్దరూ బల్ల వైపు చూశారు. నల్ల స్క్రీన్, దాని మీద చీటీ.

రెండు కళ్లజోళ్లాయనను పిలిపించారు. రొప్పుతూ వచ్చాడు. వస్తూనే అతని కార్డు తిరిగింది, ఫొటో కనబడింది, ఫొటోలో కూడా నెత్తిమీద ఒక జోడుంది. చేతిలోని కాగితం విప్పి చూపించాడు. "వైరు తీయాలని ఉంది సిస్టర్. వివరాలు రాసుకోవాలని ఉంది, చీటీ అంటించాలని ఉంది. శబ్దం సంగతి ఇందులో లేదు. మంచాల దగ్గర తగ్గించి పెడతారని మాకు పైన తెలియదు." అతను అబద్ధమాడటం లేదు. ఎలా తెలిసిందంటే, కాగితం మడవకుండా, నేను చదువుకునేలా నా వైపు కూడా తిప్పాడు. తర్వాత మొదటి మంచం దగ్గరికి వెళ్లాడు. గంట బొమ్మ పక్కన అంకె పెంచి, మోగించి చూసి, రెండో మంచానికి వెళ్లాడు. వార్డు ఒక్కో మంచమే చప్పుడు చేయడం మొదలుపెట్టింది. తాతగారు చెవులు మూసుకున్నాడు. ఏడో మంచం ఆవిడ తిట్టింది. మా మరిది తలుపు దగ్గర నిలబడి ఏమైంది, ఏమైంది అంటున్నాడు, ఎవరూ చెప్పడం లేదు.

పెన్ను సిస్టరు జుట్టులోంచి పెన్ను లాగి కాగితం ముందు పెట్టుకుంది. రెండున్నర గడి ఖాళీగా ఉంది.

"ఎప్పటి నుంచి తగ్గుతోంది పెద్దమ్మా, చూశావా?"

ఇప్పుడే తగ్గిందని అనొచ్చు. అప్పుడే చూసి అప్పుడే అరిచానని అనొచ్చు. ఎవరూ చూడలేదు. చెల్లెలు మాస్కులోంచి నన్నే చూస్తోంది, మత్తుగా, దానికేమీ తెలియదు.

"తొంభై మూడు దగ్గర నుంచి," అన్నాను. "రెండూ ముప్పై ఆరు. అక్కడి నుంచి ఎనభై నాలుగు దాకా కూర్చుని చూశాను."

"మరి పిలవలేదేం?"

"అబద్ధం చెబుతోందనుకున్నాను."

ఆమె పెన్ను కాగితం మీద ఆనించింది, రాయలేదు. నాకు మాత్రమే వినబడేలా అంది. "నేను తెర వెనక నుంచి చెవి అటే పెట్టుంచాను. మోగలేదు కదా, అందరూ బాగున్నారనుకున్నాను."

ఆరో మంచం, మాది, మోగింది. ఈ చప్పుడు చాలునా అన్నట్టు రెండు కళ్లజోళ్లాయన నా వైపు చూశాడు.

"నీదీ నాదీ, రెండూ రాయనా?" అంది పెన్ను సిస్టరు.

"రాయి తల్లీ," అన్నాను. "నాది ముందు రాయి."